అమ్మకు గుట్ట కింద నీడ కట్టిన మహలఖా బాయి

పోయిన చలికాలంలో మా అమ్మాయికి బళ్ళో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పాతకాలం సామ్రాజ్యాల్లో పేదింట పుట్టి పెద్ద అధికారం అందుకున్న ఒక ఆడమనిషి గురించి అట్ట మీద బొమ్మలు అతికించి, నాలుగు పేరాలు రాసుకుని రావాలట. టీచరమ్మ ఇచ్చిన పేరు థియొడోరా. మేం సైటు నుంచి ఇంటికొచ్చి, బూట్ల మట్టి గరాజులోనే దులిపేసి, అన్నం తిని అమ్మాయి పక్కన కూర్చున్నాం. మేం చదివింది సివిల్ డిప్లొమా. చరిత్ర మా సబ్జెక్టు కాదు. అయినా ఆ కథ తెలుస్తున్నకొద్దీ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

థియొడోరా తండ్రి కాన్‌స్టాంటినోపుల్ నగరంలో ఎలుగుబంట్లను సాకేవాడు. పందేల మైదానంలో జనం ముందు వాటిని ఆడించడం ఆ కాలంలో పెద్ద వేడుక. తండ్రి పోయాడు. తల్లి ముగ్గురు ఆడపిల్లల తలమీద పూలదండలు పెట్టి మైదానం మధ్యకు తీసుకెళ్ళి బతుకుదెరువు చూపించమని వేడుకుంది. ఒక జట్టు కాదంది, రెండో జట్టు జాలిపడింది. ఆ పిల్ల పెద్దదై నాటకాల్లో ఆడింది. అలాంటి స్త్రీలను పెద్దలు పెళ్ళాడకూడదని అప్పట్లో చట్టం ఉంటే, ఆ చట్టాన్నే మార్పించి జస్టీనియన్ ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. 527లో ఇద్దరూ సింహాసనం ఎక్కారు. 532లో నగరం తిరగబడి రాజుగారు పడవెక్కి పారిపోవడానికి సిద్ధమైతే, ఆగమని నిలబెట్టింది ఆమే. 548లో చనిపోయింది. ఆమె గురించి ఎక్కువ వివరాలు దొరికేది ఆమెను అసహ్యించుకున్న ఒక చరిత్రకారుడు చాటుగా రాసిన పుస్తకంలోనట. అధికారంలోకి వచ్చిన ఆడమనిషి కథ ఆమె శత్రువు చేతిలో పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ప్రాజెక్టు అయిపోయాక మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. మన హైదరాబాద్ వైపు ఇలాంటి ఆవిడ ఎవరూ లేరా అని. మా ఆవిడ వెంటనే రుద్రమదేవి పేరు చెప్పింది. కానీ రుద్రమ గణపతిదేవ చక్రవర్తి బిడ్డ, పేదరికం నుంచి వచ్చింది కాదు కదా. అప్పుడు మాకు మౌలాలి గుట్ట గుర్తుకొచ్చింది. ఆ గుట్ట కింద ఒక ప్రహరీ, లోపల తోట, అందులో పక్కపక్కనే ఇద్దరు ఆడవాళ్ళ సమాధులు. ఒకటి తల్లిది, ఒకటి కూతురిది. కూతురి పేరు మహలఖా బాయి చందా. ఇది చక్రవర్తుల నాటి కథ కాదు, సుమారు రెండువందల ఏళ్ళ కిందటిది. అయినా థియొడోరాకి మన గడ్డ మీద చెల్లెలెవరంటే మాకు తట్టే పేరు ఇదే.

ఇల్లు విడిచిన అమ్మమ్మ

ఈ కథ మహలఖాతో మొదలవదు. ఆమె అమ్మమ్మతో మొదలవుతుంది. వాళ్ళది గుజరాత్ వైపు కుటుంబం. తాతగారు అహ్మదాబాద్‌లో మొగల్ సర్కారు కొలువులో ఉండేవాడని, లెక్కల్లో తేడా వచ్చి నింద పడితే పెళ్ళాం పిల్లల్ని వదిలేసి వెళ్ళిపోయాడని చెబుతారు. మగదిక్కు లేని ఇల్లు, చేతిలో పైసా లేదు, ఎదిగే ఆడపిల్లలు. ఆ తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు విడిచింది. దారిలో ఆటపాటలతో ఊరూరా తిరిగే మేళం వాళ్ళు చేరదీశారు. పిల్లలు వాళ్ళ దగ్గర పాట, నాట్యం నేర్చుకున్నారు. ఆ పిల్లల్లో ఒకావిడే రాజ్ కన్వర్. తర్వాత మహలఖాకు తల్లి అయింది ఈవిడే.

వీళ్ళు అలా దక్కనుకు చేరి, నిజాం దర్బారు చుట్టూ బతుకుతెరువు వెతుక్కున్నారు. ఆ రోజుల్లో దర్బారు ఎక్కడుంటే పని అక్కడ. సైన్యం కదిలితే దాని వెనకే వంటవాళ్ళు, కమ్మరులు, బట్టల వర్తకులు, ఆటపాటల వాళ్ళు కదిలేవారు. 1763లో రెండో నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చాడు. దాంతో ఒక పెద్ద ఊరే లేచి మన వైపు వచ్చినట్టయింది. ఇళ్ళు కావాలి, తోటలు కావాలి, సంగీతం కావాలి. మేం ఈ మాట చదివినప్పుడు ఐటీ కంపెనీలు వచ్చాక మాదాపూర్ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లు, వాటి వెనకే పాలమూరు నుంచి దిగిన కూలి కుటుంబాలు కళ్ళ ముందు మెదిలాయి. పని ఉన్న చోటికి మనిషి పోవడం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. మేం అమెరికా వచ్చిందీ అందుకే.

1768లో రాజ్ కన్వర్‌కు ఆడపిల్ల పుట్టింది. తండ్రి బహదూర్ ఖాన్, మొగల్ కొలువులో మన్సబ్‌దారు. పిల్లకు చందా బీబీ అని పేరు పెట్టారు. అహ్మద్‌నగర్ కోటను కాపాడిన చాంద్ బీబీ వేరు, ఆవిడ ఈమెకంటే దాదాపు రెండు వందల ఏళ్ళ ముందుది. చాలామంది ఈ ఇద్దరినీ కలిపేస్తుంటారు.

రాజ్ కన్వర్ కడుపుతో ఉన్నప్పుడు మౌలాలి గుట్ట దగ్గర ప్రాణం మీదికి వచ్చిందని, గుట్ట మీది దర్గాలో మొక్కుకున్నాక గండం గడిచిందని ఒక కథ ఉంది. నిజం ఎంతైనా కానీ, తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఆ గుట్టను జన్మంతా వదల్లేదు. గుట్ట మీది దర్గా గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. యాకూత్ అనే కొలువుకాడికి కలలో హజ్రత్ అలీ కనిపించాడని, మర్నాడు రాతి మీద చేతి గుర్తు కనబడిందని కథ. ఇప్పటికీ రజబ్ నెలలో అక్కడ పెద్ద ఉర్సు జరుగుతుంది.

మంత్రిగారి ఇంట్లో పెంపకం

చందాకు తల్లి వైపున ఒక అక్క ఉంది, పేరు మెహతాబ్ కన్వర్. ఆవిడ నిజాం గారి ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ఇంటికి చేరింది. పిల్లలు లేని ఆ అక్క చిన్న చందాను తన బిడ్డగా పెంచుకుంది. కథలో మొదటి మలుపు ఇదే. ఊరూరా తిరిగిన అమ్మమ్మకు మనవరాలైన పిల్ల ఇప్పుడు మంత్రిగారి ఇంటి గ్రంథాలయంలో ఆడుకుంటోంది.

మంత్రి ఇంట్లో పెరిగినవాళ్ళంతా పెద్దవాళ్ళయిపోరు. తీరిగ్గా తిని కూర్చోవచ్చు. ఈ పిల్ల అలా కూర్చోలేదు. ఫారసీ చదివింది. గుర్రం ఎక్కడం, బాణం వేయడం, బల్లెం విసరడం నేర్చుకుంది. సంగీతంలో తాన్‌సేన్ పరంపరకు చెందిన ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ దగ్గర శిక్షణ పొందింది. ఆ గాన విద్య ఆమె పాటకు ఎంత బలమిచ్చిందో, చదువు ఆమె మాటకు అంత బలమిచ్చింది. దర్బారులో పాడేవాళ్ళు ఎందరో ఉంటారు. పాట అయ్యాక ఎదుటివాడితో రాజ్యం సంగతులు మాట్లాడగలిగేవాళ్ళు కొందరే.

రుక్నుద్దౌలా 1775 దాకా ప్రధానమంత్రి. ఆయన పోయేనాటికి చందా ఏడేళ్ళ పిల్ల. అంటే మంత్రిగారి నీడ ఆమెకు ఎక్కువ కాలం దక్కలేదు. తర్వాతిదంతా సొంత కష్టం, సొంత తెలివి. ఈ విషయం మాకు ముఖ్యంగా కనబడింది. ఎవరో పెద్దాయన చెయ్యి పట్టుకుని పైకి లాగితే వచ్చింది అని ఆమె గురించి తేలిగ్గా అనేస్తారు. ఆ పెద్దాయన పోయాక ఒకటి కాదు, దాదాపు యాభై ఏళ్ళు ఆమె నిలబడింది.

దర్బారులో చోటు

ఆమె కాలం ఎలాంటి కాలమో ఒకసారి చూద్దాం. ఒక వైపు మరాఠాలు, ఒక వైపు మైసూరు, సముద్రం వైపు నుంచి ఇంగ్లీషు కంపెనీ. 1795లో ఖర్దా దగ్గర నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. 1798లో ఇంగ్లీషు వాళ్ళతో సైన్య ఒప్పందం చేసుకుని, ఫ్రెంచి వాళ్ళు తయారుచేసిన దళాన్ని రద్దు చేశాడు. 1799లో శ్రీరంగపట్నం పడింది. 1800లో కడప, బళ్ళారి సీమలు కంపెనీకి పోయాయి. మన రాయలసీమ వాళ్ళకు దత్త మండలాలు అన్న పేరు వచ్చింది అప్పుడే. అంటే ఆమె యవ్వనమంతా తెలుగు నేల మ్యాపు మారిపోతున్న రోజుల్లో గడిచింది. ఇవాళ మంత్రి రేపు బందీ. ఖర్దా ఓటమి తర్వాత ప్రధానమంత్రి అరిస్తూజా అంతటివాణ్ణే మరాఠాలు పుణెకు జామీనుగా పట్టుకెళ్ళారు.

అలాంటి దర్బారులో ఆమె మూడు దండయాత్రల్లో నిజాంతో పాటు వెళ్ళింది. మగవేషం కట్టి, ఆయుధం పట్టి వెళ్ళిందని చెబుతారు. రెండో నిజాం ఆమెకు మహలఖా అన్న బిరుదిచ్చాడు. చందమామ లాంటి ముఖం కలది అని దాని అర్థం. బిరుదు సొగసు గురించే కానీ, దాంతో పాటు వచ్చినవి సొగసు లెక్కలోవి కావు. ఉమరాల్లో, అంటే పెద్ద ప్రభువుల్లో ఆమెకు చోటిచ్చారు. ఆమె పల్లకీ కదిలితే ముందు నగారా మోగేది. వెంట సాయుధ భటులు నడిచేవారు. రాజ్యం విషయాల్లో ఆమె సలహా అడిగేవారు. ఆ దర్బారులో ఇలాంటి హోదా దక్కిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కకు కూడా రారు.

అన్నిటికన్నా గట్టిది జాగీరు. జాగీరు అంటే ఏమిటో మా పిల్లకు చెప్పడానికి కాస్త కష్టపడ్డాం. భూమి అమ్మిపెట్టడం కాదు, ఆ ఊళ్ళ శిస్తు వసూలు చేసుకునే హక్కు ఇవ్వడం. వానలు పడితే ఆదాయం, పడకపోతే చిక్కు. ఊళ్ళో చెరువు గట్టు తెగితే బాగుచేయించాలి, లెక్కలు రాయించాలి, మోసం చేసే గుమాస్తాను పట్టుకోవాలి. మనిషి పోతే జాగీరు మళ్ళీ సర్కారుకే. అది నడపాలంటే పాట వస్తే చాలదు, కూడిక తీసివేత గట్టిగా రావాలి. మహలఖాకు ఇచ్చిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఇవాళ ఉస్మానియా యూనివర్సిటీ ఉన్నది ఆ నేల మీదే. ఆ ప్రాంతంలో ఆమె పేరుతో పిలిచే మెట్లబావి కూడా ఉంది. ఉస్మానియాలో చదివి అమెరికా వచ్చిన మన అన్నలూ అక్కలూ వేలల్లో ఉన్నారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగనివాళ్ళు తక్కువ. వాళ్ళు నడిచిన నేల ఒకప్పుడు ఒక నాట్యకత్తె జాగీరని ఎందరికి తెలుసో మరి.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. మీర్ ఆలం లాంటి ప్రభువులు, మరాఠా సర్దారు రాజా రావు రంభా లాంటివాళ్ళు ఆమె ఇంటికి వచ్చేవారు. మీర్ ఆలం తర్వాత 1804లో ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన పేరుతో ఉన్న చెరువు కట్ట, వరసగా విల్లుల్లాంటి రాతి గోడలతో, జూ పార్కు పక్కన ఇప్పటికీ నిలబడి ఉంది. ఎవరి ఇంటి ఇల్లాలూ కాకుండా, ఎవరి ఆస్తిలోనూ వాటాదారు కాకుండా, తన పేరు మీద తన జాగీరు, తన ఇల్లు, తన గ్రంథాలయం. 1800 నాటికి ఈ అమెరికాలో కూడా పెళ్ళయిన ఆడదాని ఆస్తి చట్టం లెక్కలో మొగుడి చేతికి పోయేది. ఆ లెక్కన చూస్తే ఈ సంగతి ఎంత బరువైనదో తెలుస్తుంది.

కలం పట్టిన చెయ్యి

ఆమె ఉర్దూలో గజళ్ళు రాసింది. ఒక్కో గజల్‌లో ఐదే చరణ ద్వయాలు. చివర్లో తరచూ హజ్రత్ అలీని తలుచుకుని ముగిస్తుంది. సొంత కవితల సంపుటాన్ని దివాన్ అంటారు. ఉర్దూలో దివాన్ కూర్చుకున్న మొదటి స్త్రీ మహలఖా అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత ఇంకో దివాన్ వెలుగులోకి వచ్చింది. లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే ఆవిడది, 1797 నాటిది, అంటే మహలఖా కంటే ఒక్క ఏడాది ముందు. విశేషమేమిటంటే ఆవిడా హైదరాబాదే. మొదటి స్థానం చేతులు మారినా మన ఊరు దాటి పోలేదు.

1799లో ఒక ఇంగ్లీషు అధికారి, జాన్ మాల్కమ్, హైదరాబాద్‌లో ఒక నాట్య సభకు వచ్చాడు. మహలఖా తన దివాన్ ప్రతిని ఆయనకు కానుకగా ఇచ్చింది. ఆ మాల్కమ్ తర్వాత బొంబాయి గవర్నరు అయ్యాడు. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. మేం దీని గురించి చాలాసేపు ఆలోచించాం. నాట్యం చూడటానికి వచ్చిన పెద్దమనిషికి సాధారణంగా ఏం ఇస్తారు? తాంబూలం, అత్తరు. ఆమె పుస్తకం ఇచ్చింది. నా కాళ్ళు చూడటానికి వచ్చావు, నా తల కూడా చూసి పో అన్నట్టు లేదూ? ఆమె మనసులో ఏముందో మాకు తెలియదు. కానీ ఆ సభలో మోగిన గజ్జెల చప్పుడు ఆ రాత్రే పోయింది, పుస్తకం మాత్రం ఇప్పటికీ ఉంది. ఆమె పోయాక 1824లో గుల్జారే మహలఖా పేరుతో ఆ కవితలు వెలువడ్డాయి.

ఆమె ఇంకో పని కూడా చేసింది. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అనే పండితుడి చేత దక్కన్ చరిత్ర రాయించింది. దాని పేరు మాహ్‌నామా. చరిత్ర రాయించడం రాజులు చేసే పని. థియొడోరా కథ ఆమె శత్రువు చేతిలో పడింది. మహలఖా ఆ అవకాశం ఎవరికీ ఇవ్వలేదు, ముందే తన డబ్బుతో రాయించుకుంది.

రాయి, సున్నం, అమ్మ

ఇప్పుడు మా పని సంగతికి వస్తాం. 1792లో రాజ్ కన్వర్ చనిపోయింది. మహలఖా తల్లికి మౌలాలి గుట్ట పాదం దగ్గర సమాధి కట్టించింది. మూల దాచి కట్టలేదు. ఏటా ఉర్సుకు నిజాం దగ్గర నుంచి బండి తోలేవాడి దాకా నగరమంతా కదిలి వచ్చే దారిలో కట్టించింది. చుట్టూ ప్రహరీ, కమాను ద్వారం, దాని మీద శాసనం, లోపల నాలుగు భాగాలుగా తోట, నీళ్ళు, మసీదు, యాత్రికులు దిగడానికి చోటు. గుట్టకు వచ్చే జనానికి నీడా నీళ్ళూ దొరికేలా. 1824లో తను పోయాక తల్లి పక్కనే పడుకుంది. ఆస్తిలో పెద్ద భాగం దిక్కులేని ఆడవాళ్ళకు రాసిందని చెబుతారు.

మేం 2006లో డిప్లొమా పాసై మల్కాజ్‌గిరి, మౌలాలి, ఈసీఐఎల్ వైపు అపార్ట్‌మెంట్ల సైట్ల మీద సూపర్‌వైజరుగా చేశాం. ఆ ప్రహరీ పక్క నుంచి ఎన్నిసార్లు బండి మీద పోయామో లెక్కలేదు. లోపల పిచ్చిచెట్లు, చెత్త. ఎవరిదో పాత తోట అనుకున్నాం. ఒక రోజు చూస్తే లోపల పని జరుగుతోంది. అమెరికా ప్రభుత్వ విదేశాంగ శాఖ సాంస్కృతిక కట్టడాల కోసం ఇచ్చే నిధితో బాగుచేయిస్తున్నారని తర్వాత తెలిసింది. 2011లో ఆ పని పూర్తయింది. ఆ పని వెనక ఉన్న పండితుల్లో అట్లాంటా ఎమరీ యూనివర్సిటీకి చెందిన స్కాట్ కూగల్ ఒకరు. ఆయన 2016లో మహలఖా గురించి, ఔరంగాబాద్ కవి సిరాజ్ గురించి కలిపి ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు.

పాత కట్టడం బాగుచేయడంలో ఒక కిటుకు ఉంది. ఇవి సిమెంటు కట్టడాలు కావు, డంగు సున్నం కట్టడాలు. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రోజుల తరబడి ఆడించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి వాడేవాళ్ళు. ఆ గోడ గాలి పీలుస్తుంది. వానకు తడిసిన తేమ మెల్లగా బయటికి పోతుంది. దాని మీద తెలిసీ తెలియక సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, రాయి పెచ్చులూడుతుంది. చూడ్డానికి బాగైనట్టే ఉంటుంది, లోపల కుళ్ళిపోతుంది. పాతదాన్ని దాని సున్నంతోనే బాగుచేయాలి.

మా మాట

మొన్న ఇక్కడ మన తెలుగువాళ్ళ ఉగాది కలయికలో భోజనాల దగ్గర మేం ఈ మహలఖా సంగతి ఎత్తాం. పక్కనున్న పెద్దమనిషి నవ్వి, ఆమె భోగం మనిషి కదండీ అని ఒక్క మాటలో తేల్చేశారు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ తర్వాత ఆయనే మా తల్లిదండ్రులు ఏం చేసేవారని అడిగారు. నాన్నగారు లేరు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది అని చెప్పాం.

అది సగం నిజం. మా అమ్మ పాలమూరు జిల్లా నుంచి మేస్త్రీ వెంట హైదరాబాద్ వచ్చిన కూలి. నాన్న పోయాక ఇరవై ఏళ్ళు తట్ట మోసింది. మూడో అంతస్తు దాకా ఇటుకలు మోసి, సాయంత్రం సైట్లోనే మూడు రాళ్ళ మీద అన్నం వండి, మమ్మల్ని పాలిటెక్నిక్ చదివించింది. మేం సూపర్‌వైజరైన మొదటి సైట్లో అమ్మ కూడా పని చేస్తుంటే, కాంట్రాక్టరు ముందు ఆమెను అమ్మా అని పిలవలేదు. ఆమె మాకేమీ అనలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి నిజంగానే ఇంట్లో ఉంటోంది. మా ఆవిడ నర్సు ఉద్యోగంతో 2015లో మేం ఇక్కడికి వచ్చాం. ఈ పదేళ్ళలో అమ్మ తట్ట మోసిందని ఈ ఊళ్ళో ఒక్క మనిషికి చెప్పలేదు. పుట్టుక మీద సిమెంటు పూసుకుని తిరుగుతున్నాం.

మహలఖాకు దాచే అవకాశం మాకంటే ఎక్కువే ఉంది. నగారా ఉంది, పల్లకీ ఉంది, నిజాం ఇచ్చిన బిరుదు ఉంది. ఊరూరా ఆడి పాడి బతికిన తల్లి పేరు ఎత్తకుండా గడిపేయవచ్చు. ఆవిడ ఏం చేసింది? తల్లి పేరు రాతి మీద చెక్కించి, నగరంలో అందరికన్నా పెద్ద జనం నడిచే దారి పక్కన నిలబెట్టింది. పెద్దమనుషులు దర్గాకు పోవాలంటే ఆ తల్లి ముందు నుంచే పోవాలి. దర్బారులో చోటు నిజాం ఇచ్చాడు, జాగీరు నిజాం ఇచ్చాడు, అవి ఆమెతోనే పోయాయి. గుట్ట కింది ఈ చోటు మాత్రం ఆమె సొంతంగా కట్టుకుంది. ఆమె అధికారంలో మిగిలింది అదే.

మేం చరిత్రకారులం కాదు. దర్బారు అంటే అంతా మంచే అని చెప్పడం లేదు. ఆ రోజుల్లో ఆటపాటల ఇళ్ళలో ఎందరో ఆడపిల్లలు ఇష్టం లేకుండా బతికారు, వాళ్ళెవరికీ జాగీర్లు రాలేదు. ఆ జాగీరు శిస్తు కట్టిన రైతు కష్టం కూడా ఎవరూ రాయలేదు. ఒకరు పైకి వచ్చారని మెట్లు అందరికీ ఉన్నాయనుకోకూడదు. కానీ పైకి వచ్చిన ఆ ఒక్కరు కిందనున్న తన మనిషిని ఏం చేశారన్నది మాత్రం చూడదగ్గ సంగతి.

మా అమ్మాయి థియొడోరా అట్ట వెనకవైపు ఇంకో బొమ్మ అతికించింది, మౌలాలి సమాధి కమాను ఫొటో. టీచరమ్మకు చూపిస్తుందో లేదో తెలియదు. ఆ ఆదివారం వాళ్ళ నాయనమ్మకు వీడియో ఫోను చేసి, నువ్వు ఒక్కసారికి ఎన్ని ఇటుకలు మోసేదానివి అని అడిగింది. అమ్మ మా వైపు ఒకసారి చూసి, పన్నెండు అంది. తర్వాత తట్ట కింద గుడ్డ ఎలా చుట్టుకోవాలో తువ్వాలు తెప్పించి మరీ చూపించింది. మేం కెమెరా ముందు నుంచి పక్కకు జరగలేదు.

ఈసారి హైదరాబాద్ పోయినప్పుడు చార్మినార్, గోల్కొండ ఎలాగూ చూస్తారు. ఒక పూట తీసి మౌలాలి గుట్ట వైపు కూడా పోయి రండి. మేం కూడా పోతాం, అమ్మను తీసుకుని. గుట్ట ఎక్కడం ఆమె వల్ల కాదు. కింద ఆ తోటలో కూర్చోబెడితే చాలు. సున్నం పని ఎలా ఉందో మాకంటే ఆమే బాగా చెబుతుంది.